ఇంత ఎండున్న ఊళ్ళో ఎండమందు ఎందుకంటే

చిట్టితల్లీ, బుజ్జిగా,

సంక్రాంతికి వచ్చినప్పుడు పిన్ని తన పాపాయికి చుక్కల మందు వేస్తుంటే, చిట్టితల్లి సీసా చదివి "విటమిన్ డి ఎండలో వస్తుందని మా సైన్స్ బుక్కులో ఉంది కదా తాతయ్యా, కోనసీమలో బోలెడు ఎండ, మరి సీసాలో కొనడం ఎందుకు?" అంది. అప్పుడు మీ బస్సుకి టైమైపోతోందని చెప్పలేకపోయాను. ఇవాళ రథసప్తమి, పొద్దున్నే జిల్లేడాకులు పెట్టుకుని తలంటు పోసుకున్నా, అమ్మమ్మ పిడకల మీద పాలు పొంగించి చిక్కుడుకాయలతో రథం కట్టింది, సూర్యుడి పండగ కదా ఇవాళే రాసేద్దామని కూర్చున్నా.

మన కాలవ గట్టు మీద తూము చూశారు కదా. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, అప్పట్నించీ కాలవల నిండా నీళ్ళే, కానీ లస్కరు, అంటే కాలవ నీళ్ళు వదిలే మనిషి, వచ్చి తలుపు ఎత్తితేనే చేలోకి దిగుతాయి. ఎముక మన చేను, కాల్షియం నీళ్ళు. మీరు తాగే పాలల్లో, చోళ్ళ (రాగుల) జావలో, నువ్వుండలో ఉన్న కాల్షియం పేగుల్లో కాలవలా పోతూనే ఉంటుంది, దాన్ని ఒంట్లోకి దింపే లస్కరే విటమిన్ డి. అతను రాకపోతే ఎంత తిన్నా లోపలికి దిగేది కొంచెమే, మిగతాది అలాగే దిగువకి పోతుంది. ఇంకో సంగతి, రక్తం మన ఊరి మంచినీళ్ళ చెరువు లాంటిది, అందులో కాల్షియం తగ్గితే గుండె, కండరాలు సరిగ్గా పనిచెయ్యవు, అందుకని ఒళ్ళు చేలో నీళ్ళే తోడి చెరువులో పోస్తుంది, అంటే ఎముకల్లోది లాగేసుకుంటుంది. పెరిగే పిల్లలకి ఎముక చివర్లలో కొత్తగా వేసిన లేత భాగం గట్టిపడకుండా మెత్తగా ఉండిపోతుంది. దాన్నే రికెట్స్ అంటారు. మణికట్లు ఉబ్బుతాయి, మాడు ఆలస్యంగా పూడుతుంది, పళ్ళు లేటవుతాయి, నడక మొదలెట్టాక బరువుకి కాళ్ళు వంగిపోతాయి.

పొట్టలో ఉన్న బిడ్డకి సొంత లస్కరు ఉండడు, తల్లి దగ్గరున్న వాళ్ళలోంచే కొందరు వెంట వస్తారు. తల్లికే కరువైతే బిడ్డ ఖాళీ చేతుల్తో పుడుతుంది. తల్లిపాలు ఎంత గొప్పవైనా వాటిలో విటమిన్ డి మాత్రం చాలా తక్కువ, అది ఏ తల్లి తప్పూ కాదు.

నాకు ఏడేళ్ళప్పుడు మా చెల్లి పుట్టింది. అమ్మని చీకటిగదిలో ఉంచారు, కిటికీకి గోనెపట్టా, చెవుల్లో దూది, తలకి గుడ్డ, మంచం కింద కుంపటి. నేను తలుపు సందులోంచి చూస్తే సాంబ్రాణి పొగలో అమ్మ చెయ్యి ఒక్కటే కనిపించేది. నెలల తరబడి ఎండ మొహం చూడలేదు మా అమ్మ. గాలి సోకకూడదని ప్రేమతోనే చేశారు, కానీ ఆ గదిలోకి లస్కరు ఎలా వస్తాడు? మా క్లాసులో ఒకబ్బాయికి దొడ్డికాళ్ళు, మణికట్టు దగ్గర లోపల గాజు తొడిగినట్టు గుండ్రంగా లావుగా ఉండేది. కాలవ గట్టు మీద పరుగు పందెం పెడితే ఎప్పుడూ వెనకే, మేం వెక్కిరించేవాళ్ళం, వాడు నవ్వేవాడు. ఇన్నేళ్ళయినా ఆ నవ్వు నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. మీరు ఎవరి నడకా వెక్కిరించకండి నాన్నా. అలాగని చంటిపిల్లల కాళ్ళు కాస్త వంకరగా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, రెండేళ్ళ లోపు అది మామూలే, వాటంతటవే సరవుతాయి.

1919లో బెర్లిన్‌లో హుల్డ్‌షిన్‌స్కీ అని ఒక డాక్టరు, రికెట్స్ వచ్చిన పిల్లలకి ఎండలాంటి వెలుగిచ్చే పాదరసం దీపం పట్టాడు. ఒక చేతికి మాత్రమే వెలుగు తగిలినా రెండో చేతి ఎముకలు కూడా బాగుపడ్డాయట! చర్మంలో తయారైంది ఒళ్ళంతా తిరిగిందన్నమాట. నాకు ఇది చదివినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది.

మరి మన ఎండ ఎందుకు చాలట్లేదు? లేత ఎండలో వెచ్చదనమే ఎక్కువ, విటమిన్ తయారుచేసే కిరణాలు సూర్యుడు పైకెక్కితేనే బాగా వస్తాయి. అవి కిటికీ అద్దం దాటి రావు. మనలాంటి చామనఛాయ ఒంటికి ఇంకాస్త ఎక్కువసేపు కావాలి. ఆ వేళకి పిన్ని వంటింట్లో, మీరు బళ్ళో. పోనీ పాపాయిని ఎండలో పడుకోబెడదామా అంటే ఆ లేత చర్మం కమిలిపోతుంది. అందుకే సీసా. పుట్టినప్పట్నించి ఏడాది నిండేదాకా రోజుకి 400 యూనిట్లు ఇమ్మంటారు. సీసా సీసాకీ గాఢత వేరు, ఎక్కువైతే ప్రమాదం, కాబట్టి డాక్టరుగారు చెప్పిన కొలతే, ఆ సీసాతో వచ్చిన డ్రాపరే వాడాలి. పిన్ని కూడా తన సంగతి డాక్టరుగారిని అడిగి మాత్రలు వేసుకుంటోంది, చోడి అంబలి తాగుతోంది.

ఆదివారం ఒక పని చెయ్యండి. మేడ మీదకెళ్ళి ఎనిమిదింటికి, పదింటికి, పదకొండింటికి ఒకరి నీడ ఒకరు తాడుతో కొలవండి. నీడ మీకంటే పొట్టిదైన వేళ ఎన్నింటికో కాగితం మీద రాసి నాకు ఫోన్ చెయ్యండి, లస్కరు డ్యూటీకి వచ్చే టైము అదే. నేను ఇక్కడ మన గట్టు మీద నిలబడి నాది కొలుస్తుంటా.

మీ తాతయ్య