జాతర మైకు వైరు ఇంటి స్పీకరుకు చాలదు

పైడితల్లి సిరిమానోత్సవం నాడు విజయనగరంలో మూడు లాంతర్ల నుంచి కోట దాకా మైకులు మోగుతూనే ఉంటాయి. ఇలాంటి పొడుగు లైన్లకు సన్నటి వైరు సరిపోతుంది. అదే వైరు ఇంట్లో పన్నెండు మీటర్లు లాగితే మంచి స్పీకరు కూడా చప్పబడుతుంది. కిటుకంతా వోల్టేజీలో ఉంది.

పొడుగు మైకు లైన్లలో ట్రాన్స్‌ఫార్మరు పెట్టి 100 వోల్టులతో పంపుతారు. 50 వాట్లకు అర ఆంపియరు చాలు. ఇంటి ఆంప్లిఫయరు అదే 50 వాట్లు 8 ఓముల (కరెంటును అడ్డుకునే నిరోధానికి కొలత ఓము) స్పీకరుకు ఇవ్వాలంటే 20 వోల్టులు, రెండున్నర ఆంపియర్లు కావాలి. కరెంటు 5 రెట్లయితే వైరులో వేడిగా పోయేది 25 రెట్లు.

1 చదరపు మి.మీ. రాగి వైరుకు మీటరుకు 0.0172 ఓములు. కరెంటు వెళ్లి తిరిగి రావాలి కనుక పొడవును రెండుతో, ఈ 0.0172తో గుణించి, వైరు చదరపు మి.మీ.తో భాగించాలి. వచ్చింది స్పీకరు ఓముల్లో 5 శాతం దాటకూడదు: 8 ఓములకు 0.4, 4 ఓములకు 0.2.

గది అయిదు మీటర్లే కదా అనుకోవద్దు. గోడ వెంబడి పోయి, గుమ్మం ఎక్కి దిగేసరికి 12 మీటర్లవుతుంది. అంత దూరానికి 1.5 చ.మి.మీ. వేస్తే 0.28 ఓములు, 8 ఓముల స్పీకరుకు బాగానే ఉంటుంది. 4 ఓములదైతే 2.5 వేయాలి, 0.17 వస్తుంది. నిజంగా 5 మీటర్లే అయితే దేనికైనా 1 చాలు.

షాపులో స్పీకరు వైరు అనగానే 14/36 చేతిలో పెడితే తీసుకోకండి. 36 గేజు (మందాన్ని చెప్పే నంబరు) పోగులు 14 అని దాని అర్థం, మొత్తం కలిపి 0.41 చ.మి.మీ. 12 మీటర్లకు ఒక ఓము! 4 ఓముల స్పీకరుకు వెళ్లే పవరులో అయిదో వంతు వైరే తినేస్తుంది. 40/36 అయితే 1.17 చ.మి.మీ. ఆన్‌లైన్ ప్యాకెట్ల మీద ఉండే అమెరికా గేజు వేరు: వాళ్ల 14, మన పాత బ్రిటిష్ గేజు 16 దాదాపు ఒకటే. గొడవ లేకుండా చదరపు మి.మీ.లోనే అడగండి. ఇంటి వైరింగుకు వాడే మల్టీస్ట్రాండు 1.5 వైర్లు రెండు మెలిపెట్టినా చక్కగా పనిచేస్తాయి. ఖరీదైన స్పీకరు కేబులు కన్నా అదే నయం.

నష్టం సౌండు తగ్గడంతో ఆగదు. 8 ఓములని రాసున్న స్పీకరు కొన్ని స్వరాల దగ్గర 5, 6 ఓములకు దిగుతుంది, బాస్‌లో ఒకచోట 20 దాటుతుంది. సన్నవైరు ఓములు తక్కువున్నచోట ఎక్కువ కోసేస్తుంది. దాంతో సన్నాయి మేళంలో డోలు దెబ్బ టక్కున తెగకుండా బొయ్యిమని సాగుతుంది.

కొనేముందు ఒక పోగును బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే రాగి పూత పూసిన అల్యూమినియం. దాని నిరోధం సుమారు ఒకటిన్నర రెట్లు, కాబట్టి ఒక సైజు పెంచాలి.

కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో రాగి కొసలు నల్లబడి, పచ్చగా చిలుము పడతాయి. ఏడాదికోసారి సెంటీమీటరు కత్తిరించి కొత్తగా ఒలవండి. స్క్రూ కింద పెట్టే కొసకు సోల్డరు వద్దు, అది మెల్లగా అణిగి కనెక్షను వదులవుతుంది. ఆంప్లిఫయరు ఆపి, ఒలిచిన పోగులను గట్టిగా మెలేసి బిగించండి. ఒక్క పోగు జారి ఎరుపు, నలుపు టెర్మినళ్లను కలిపినా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలిపోవచ్చు.