ఎండ కాస్తుంటే ఓడ ఎందుకు కదలదు? గ్రీస్ చిన్న ఓడల క్రూజ్: అపోహలు - వాస్తవాలు

జూలై వచ్చిందంటే నా ఫోన్‌కి ఒకే రకం ఫొటోలు వస్తాయి. నీలం ఆకాశం, తెల్లటి ఇళ్ళు, రేవులో కట్టేసి ఉన్న ఓడ. కింద మెసేజ్: "మేడమ్, ఇక్కడ మబ్బు తునక లేదు. కెప్టెన్ మాత్రం గాలి అని ఓడ తీయట్లేదు. డీజిల్ మిగుల్చుకుంటున్నాడా?"

గ్రీస్ దీవుల మధ్య తిరిగే చిన్న ఓడల్లో మనవాళ్ళకి కేబిన్లు బుక్ చేయడం, సీజన్‌లో గ్రూపులతో కలిసి వెళ్ళడం నా పని. పదిమంది పట్టే తెరచాప యాట్ల నుంచి, యాభైమంది పట్టే మోటార్ సెయిలర్ల (తెరచాపలూ ఇంజనూ రెండూ ఉన్న ఓడల) దాకా. వేలమంది ఎక్కే పెద్ద క్రూజ్ షిప్పుల లెక్క వేరు, వాటిని ఇక్కడికి తేవద్దు.

అపోహ: ఐటినరరీలో రాసిన రోజుకి ఓడ తిరిగొస్తుంది, అదే మధ్యాహ్నం ఫ్లైట్ పెట్టుకోవచ్చు.

నేను చూసినంతలో మనవాళ్ళ డబ్బు ఎక్కువగా పోయేది దీని దగ్గరే. అందుకని కాస్త వివరంగా చెప్తాను.

మనకి తుఫాను అంటే ఒక పద్ధతి ఉంటుంది. రెండు రోజుల ముందే మబ్బు పడుతుంది, వాన మొదలవుతుంది, విశాఖ, కాకినాడ పోర్టుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని టీవీలో వస్తుంది. గ్రీస్, టర్కీల మధ్య ఉన్న ఏజియన్ సముద్రం మీద వేసవి గాలి ఇలా చెప్పి రాదు. దాని పేరు మెల్టెమి. బాల్కన్ దేశాల వైపు పీడనం ఎక్కువగా, టర్కీ మీద తక్కువగా ఉండటంతో ఉత్తరం నుంచి కిందికి తోసుకొస్తుంది. జూలై, ఆగస్టుల్లో దీని జోరు ఎక్కువ. పొడి గాలి, చినుకు పడదు, ఆకాశం అద్దంలా ఉంటుంది. దీవికి దక్షిణాన ఉన్న రేవులో కూర్చుని కాఫీ తాగుతుంటే నీళ్ళు కూడా పెద్దగా కదలవు. అక్కడ కూర్చున్నవాళ్ళకి కెప్టెన్ మాట నమ్మబుద్ధి కాదు, నాకు తెలుసు. దీవి కొస దాటి బయటికి వెళ్తే అప్పుడు అర్థమవుతుంది. ఆండ్రోస్, టినోస్ దీవుల మధ్య, టినోస్, మికోనోస్ దీవుల మధ్య ఉన్న సందుల్లో గాలి ఇరుక్కుని ఇంకా బిగుస్తుంది. ఒక్కోసారి పూటలో తగ్గిపోతుంది, ఒక్కోసారి మూడు నాలుగు రోజులు పట్టుకుని వదలదు.

పైగా ఓడ తీయడం, తీయకపోవడం కెప్టెన్ ఒక్కడి చేతిలో లేదు. గాలి ఒక స్థాయి దాటితే ఆ రేవులోని కోస్ట్ గార్డ్ ఆఫీసు బయల్దేరొద్దని ఆర్డర్ వేస్తుంది. పెద్ద ఫెర్రీలను మామూలుగా గాలి జోరును కొలిచే బోఫోర్ట్ స్కేలు మీద 8 దగ్గర ఆపుతారు, అంటే గంటకు 62 కిలోమీటర్లు దాటిన గాలి. చిన్నవాటిని అంతకంటే ముందే ఆపేస్తారు. "ఫెర్రీ వెళ్ళిపోతోంది కదా, మనల్నే ఎందుకు ఆపారు" అని ప్రతి గ్రూపులో ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ఫెర్రీలో లారీలు పడతాయండీ, మన ఓడ దాని పక్కన నిలబడితే రెండో అంతస్తు కూడా అందదు.

గాలి తగ్గాక రాత్రంతా నడిపి టైము కవర్ చేయొచ్చు కదా అంటారు. ఏథెన్స్ రేవు పిరేయస్ నుంచి మికోనోస్ సుమారు 95 నాటికల్ మైళ్ళు, అంటే 176 కిలోమీటర్లు. మోటార్ సెయిలర్ గంటకు తొమ్మిది, పది నాటికల్ మైళ్ళు పోతే గొప్ప. సముద్రం నెమ్మదిగా ఉన్నా పది గంటల పని. వెళ్ళేటప్పుడు సాయం చేసిన ఉత్తర గాలే ఏథెన్స్ వైపు తిరిగొచ్చేటప్పుడు ఎదురు తగులుతుంది. సరిగ్గా చివరి రెండు రోజుల్లోనే ఆలస్యాలు ఎక్కువ అవడానికి కారణం అదే.

ఒక ఆగస్టులో పారోస్ దీవిలో ఇలాగే చిక్కుకున్నాం. గుంటూరు నుంచి వచ్చిన పెద్దాయన, ఆయన భార్య, డాలస్ నుంచి వచ్చిన కూతురు, అల్లుడు, ఇద్దరు పిల్లలు. ఓడ దిగే రోజు మధ్యాహ్నమే ఏథెన్స్ నుంచి లండన్, అక్కడి నుంచి డాలస్. చవగ్గా వచ్చాయని రెండూ వేరు వేరు ఎయిర్‌లైన్లలో, వేరు వేరు టికెట్లు. మొదటిది తప్పితే రెండోది గోవిందా, ఒక్క రూపాయి రాదు. ఆ అమ్మాయి రెండు రోజులు ఫోన్ పట్టుకునే కూర్చుంది. పెద్దాయన మాత్రం పొద్దున్నే డెక్ మీదికి వచ్చి ఆకాశం కేసి చూసి, "ఇదేం తుఫానమ్మా, ఒక్క చినుకు లేకుండా?" అనేవారు.

చివరికి వాళ్ళని ఆ దీవిలోని పారికియా రేవులో పెద్ద ఫెర్రీ ఎక్కించాను. ఎక్కిన వాళ్ళకి తెలుస్తుంది, ఆ ఫెర్రీలు నిలబడేది కొన్ని నిమిషాలే. వెనక ఇనుప తలుపు దించుతారు, లారీలు దిగుతుండగానే వాటి పక్కనుంచి సూట్‌కేసులు లాక్కుంటూ జనం లోపలికి పోవాలి. గాలికి మాట వినపడదు. పెద్దావిడ ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు, ఇంకో చేత్తో పచ్చడి సీసాల సంచి పట్టుకుని నడిచింది. నాలుగు గంటల పైచిలుకులో పిరేయస్ చేరారు, ఫ్లైట్ అందింది. క్రూజ్‌లో మిగిలిన రోజుల డబ్బు మాత్రం వెనక్కి రాలేదు. వాతావరణం వల్ల రూటు మారినా, రోజులు తగ్గినా రిఫండ్ లేదని కాంట్రాక్టులో ముందే ఉంటుంది. మీది తీసి చూడండి.

కాబట్టి ఓడ దిగే రోజు ఫ్లైట్ వద్దు. మే, జూన్, సెప్టెంబర్‌లో అయితే ఏథెన్స్‌లో ఒక రాత్రి, జూలై, ఆగస్టుల్లో రెండు రాత్రులు చివర్లో పెట్టుకోండి. అందరూ అక్రోపోలిస్ (ఏథెన్స్‌లో కొండ మీది పురాతన గుళ్ళు) ముందే చూసేసి ఓడ ఎక్కుతారు. దాన్ని చివరికి జరపండి, ఆ రాత్రులు వృథా అయ్యాయన్న బాధ ఉండదు. ఓడ ఎక్కడానికి మాత్రం ముందు రోజే చేరండి, మీ కోసం అది ఆగదు. ఫ్లైట్లన్నీ ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలి. ఇన్సూరెన్స్ విషయంలో ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. గ్రీస్‌తో సహా చాలా యూరప్ దేశాలకి పనికొచ్చే షెంగెన్ వీసాకి అడిగే 30,000 యూరోల కవర్ వైద్యం ఖర్చుల కోసం. వాతావరణం వల్ల ఫ్లైట్ తప్పితే అది కట్టదు. అందుకు వేరే కవర్ ఉందో లేదో పాలసీలో వెతకండి.

పిల్లల సెలవుల వల్ల జూలై, ఆగస్టు తప్ప కుదరదంటే రూటు మార్చుకోండి. ఎజీనా, పోరోస్, హైడ్రా, స్పెట్సెస్ ఉన్న సరోనిక్ గల్ఫ్‌లో, లేదా పడమటి వైపు కోర్ఫు, లెఫ్కాడా, ఇథాకా ఉన్న అయోనియన్ సముద్రంలో మెల్టెమి దెబ్బ ఇంత ఉండదు. ఇన్‌స్టాగ్రామ్‌లో తక్కువ కనిపిస్తాయి తప్ప అందానికి లోటు లేదు. హైడ్రాలో అయితే కార్లే ఉండవు, సామాన్లు గాడిదల మీద పోతాయి.

అపోహ: శాంటోరిని లేకపోతే డబ్బు దండగ.

శాంటోరిని మధ్యలో ఉన్నది అగ్నిపర్వతం కూలి ఏర్పడ్డ గొయ్యి. అక్కడ నీటి లోతు 300 మీటర్లు దాటుతుంది, లంగరు అందదు. చిన్న ఓడలకి సరైన రేవు కూడా లేదు. గాలి ఉంటే కెప్టెన్లు మొదట కొట్టేసేది ఈ దీవినే. దాని కోసమే వెళ్తున్నట్టయితే క్రూజ్ అయ్యాక ఫెర్రీలోనో ఫ్లైట్‌లోనో వెళ్ళి రెండు రాత్రులు ఉండండి.

గ్రీన్ కార్డ్ ఉంటే వీసా అక్కర్లేదనేది పచ్చి అబద్ధం. ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే గ్రీన్ కార్డ్ ఉన్నా షెంగెన్ వీసా కావాలి. రూటులో టర్కీ రేవు ఒక్కటి ఉన్నా మల్టిపుల్ ఎంట్రీ (బయటికెళ్ళి మళ్ళీ రానిచ్చే వీసా) ఉండాలి, టర్కీ వీసా సంగతి వేరే కనుక్కోవాలి. వాట్సాప్ గ్రూపులో ఎవరి బావమరిదో వెళ్ళొచ్చాడని నాకు ఫార్వర్డ్ చేయకండి.

తెరచాపల మీదే ప్రయాణం సాగుతుందనుకోవద్దు. మోటార్ సెయిలర్‌లో ఎక్కువ సేపు నడిచేది ఇంజనే. గాలి పక్కనుంచో వెనకనుంచో అనుకూలంగా వస్తే తెరచాపలు విప్పుతారు. ఆ కాసేపు ఫోన్లు పక్కన పెట్టి చూడండి.

"అక్కా, నాకు ఈత రాదు, ఓడ చిన్నది, భయంగా ఉంది" అని రాత్రి పదింటికి ఫోన్ చేసేవాళ్ళని నేను ఎప్పుడూ విసుక్కోను. ఆ భయం సహజం. దారిలో ఈతకి ఆపినప్పుడు దిగాలని రూలు లేదు, డెక్ మీద కూర్చుని నిమ్మరసం తాగేవాళ్ళు ప్రతి గ్రూపులో ఉంటారు. రోజుకి కొన్ని గంటలే ప్రయాణం, చాలాసేపు ఏదో ఒక దీవి కనిపిస్తూనే ఉంటుంది. వికారం వస్తుందనుకుంటే కింది డెక్‌లో, ఓడ మధ్యలో ఉన్న కేబిన్ అడగండి, ఊపు తక్కువ. వాంతుల మాత్ర డాక్టర్‌ని అడిగి బయల్దేరే ముందే వేసుకోవాలి, తల తిరగడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా లాభం లేదు. ఓడ కట్టేసి ఉందంటే మీ కోసమే ఆపారని గుర్తుపెట్టుకోండి.

నిజంగా ఆలోచించాల్సింది మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళ గురించి. చాలా గ్రీకు రేవుల్లో ఓడ వెనక భాగాన్ని గట్టుకి ఆనించి, మధ్యలో సన్నటి పలక వేస్తారు. అల వచ్చినప్పుడల్లా ఆ పలక కొస గట్టు మీద ముందుకీ వెనక్కీ జరుగుతుంటుంది, పట్టుకోవడానికి ఒక్కోసారి తాడు తప్ప ఏమీ ఉండదు. సిబ్బంది చెయ్యి అందిస్తారు, అయినా రోజుకి నాలుగైదు సార్లు దాటాలి. లోపల లిఫ్ట్ ఉండదు, మెట్లు నిటారుగా ఉంటాయి. అమ్మానాన్నలకి ఇది కష్టం అనిపిస్తే పెద్ద షిప్పే మంచిది, నా కమిషన్ పోయినా సరే.

తిండి గురించి బెంగ వద్దు. ఫావా అని పెడతారు, పసుపు రంగు పప్పు ఉడికించి ఎనిపి ఆలివ్ నూనె పోస్తారు, అచ్చం మన ముద్దపప్పే. వాళ్ళ ఉపవాసాల వంటని నిస్టీసిమో అంటారు, అందులో మాంసం, పాలు, గుడ్లు ఉండవు. కానీ రొయ్యలు, స్క్విడ్ ఉండొచ్చు, అడిగి తినండి. కుక్కర్లు మాత్రం తేవద్దు. ఒకావిడ కేబిన్‌లో చిన్న రైస్ కుక్కర్ పెడితే ఆ వరుసలో ఉన్న కేబిన్లన్నిటికీ కరెంటు పోయింది. ఇంజనీర్ తలుపు కొట్టేసరికి బియ్యం ఇంకా ఉడకనేలేదు. అన్నం కావాలని కుక్‌తో మొదటి రోజే చెప్తే విడిగా వండి పెడతాడు. ఇండియా నుంచి నెయ్యి, పాలకోవా లాంటి పాల పదార్థాలు యూరప్‌లోకి తీసుకెళ్ళనివ్వరు, కస్టమ్స్‌లో పారేస్తారు. ఆవకాయకి అడ్డు లేదు. మూతకి టేపు చుట్టండి.