ష్నాప్సెన్: ఇద్దరు ఆడే పేకాటపై అపోహలు, వాస్తవాలు

తార్నాకలో వారాంతాల్లో పేకాటలు నేర్చుకోవడానికి నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమందికి రమ్మీ, కోట్ పీస్ ముందే వచ్చి ఉంటాయి. ఇంట్లో ఇద్దరమే ఉంటే ఏం ఆడాలని అడిగినవారికి నేను ఆస్ట్రియాలో తరతరాలుగా ఆడుతున్న ష్నాప్సెన్ నేర్పుతాను. మామూలు పేకలోంచి జోకర్లను, రెండు నుంచి తొమ్మిది వరకు ఉన్న ముక్కలను తీసేస్తే మిగిలే 20 ముక్కలతో ఆట నడుస్తుంది. చెరి ఐదు పంచి, తర్వాతి ముక్కను తురుపుగా (మిగతా రంగులను కోసే రంగుగా) తిప్పి చూపి, మిగిలిన తొమ్మిదింటిని దానిపై అడ్డంగా బోర్లించాలి. ఇద్దరూ చెరొక ముక్క వేస్తే, గెలిచినవారు ఆ రెండింటినీ తీసుకోవడమే పట్టు; ప్రతి పట్టు తర్వాత ఇద్దరూ ఆ కట్టలోంచి ఒక్కో ముక్క తీసుకుంటారు. పట్టుల్లో వచ్చిన ముక్కల విలువ 66కు చేరిందని ముందుగా సరిగ్గా ప్రకటించినవారిదే ఆ పంపకం.

అపోహ: పేకాట అంటే జూదమే.
వాస్తవం: గెలిచిన పంపకాలకు వచ్చే పాయింట్లు ఏడుకు చేరితే ఆట గెలిచినట్టే, డబ్బు అవసరం ఎక్కడా రాదు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లోనే సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటగా పరిగణించింది. పందెం సంగతి వేరు: తెలంగాణ ప్రభుత్వం 2017లో చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే రమ్మీని నిషేధించింది. నా దగ్గర పందెం ఉండదు, ఉండకూడదని నా గట్టి అభిప్రాయం.

అపోహ: ఆసు తర్వాత పెద్దది రాజు.
వాస్తవం: ఆసు విలువ 11, పది 10, రాజు 4, రాణి 3, జాకీ 2; ఒక్కో రంగుకు 30 చొప్పున మొత్తం 120. పదిని రాజు కూడా పట్టలేదు కాబట్టి దానిని తేలిగ్గా వదులుకోకూడదు.

అపోహ: ఎదుటివారు వేసిన రంగు చేతిలో ఉంటే అదే వేయాలి.
వాస్తవం: కోట్ పీస్ అలవాటు ఉన్నవారు దీని దగ్గరే ఎక్కువగా తడబడతారు. కట్ట తెరిచి ఉన్నంత వరకు ఏ ముక్కైనా వేయవచ్చు. కట్ట అయిపోయాక, లేదా ఎవరైనా దాన్ని మూసేశాక (ఇక అందులోంచి ముక్కలు తీసుకోకుండా ఆపేశాక), రంగు ఉంటే తప్పక వేయాలి, వీలైతే పెద్దది వేసి పట్టాలి, రంగు లేకపోతే తురుపుతో కోయాలి.

అపోహ: కట్ట మూయడం తెగింపు, అదృష్టం మీద వదిలేసే పని.
వాస్తవం: ఆటలో అసలు విద్య ఇదే. తురుపు ఆటీను, కట్ట కింద కనిపిస్తున్నది ఆటీను రాణి అనుకోండి. మొదటి రెండు పట్టులూ మీవే, మీకు 28 వచ్చాయి, చేతిలోని ఐదు ముక్కల్లో ఆటీను ఆసు, ఆటీను పది, ఇస్పేటు ఆసు ఉన్నాయి. కట్ట మూయకుండా తురుపులు వేస్తే, ఎదుటివారు వేరే రంగు చిన్న ముక్కలు పారేసి, తమ తురుపును దాచుకుని, తర్వాత ఇస్పేటు ఆసును కోసేయవచ్చు. మూసేస్తే రాణి కట్టలోనే ఉండిపోతుంది, ఎదుటివారి దగ్గర ఉండగల తురుపులు రాజు, జాకీ మాత్రమే. మీ రెండు తురుపులకూ వాటిని వేయక తప్పదు. ఆ తర్వాత ఇస్పేటు ఆసుకు ఎదురులేదు. ఎదుటివారు ప్రతిసారీ కనీసం 2 ఇస్తారు కాబట్టి 13, 12, 13 చొప్పున 38 చేరి, 28తో కలిపి సరిగ్గా 66 అవుతుంది. వారికి ఒక్క పట్టూ రాలేదు కాబట్టి మీకు మూడు పాయింట్లు. లెక్క తప్పి చేరలేకపోతే ఆ మూడూ వారికే వెళ్తాయి, కాబట్టి లెక్క వేయకుండా మూయవద్దని ప్రతి విద్యార్థికీ చెబుతాను.

అపోహ: దీనికి అసాధారణ జ్ఞాపకశక్తి కావాలి.
వాస్తవం: గుర్తుంచుకోవలసింది మీ పట్టుల మొత్తం, పడిపోయిన ఆసులు, పదులు, తురుపులు, ఇంకా ఎవరూ ప్రకటించని ఒకే రంగు రాజు-రాణి జంటలు (ప్రకటిస్తే 20, తురుపు జంటైతే 40). కట్ట అయిపోయేసరికి పది ముక్కలు పడిపోయి ఉంటాయి, ఐదు మీ చేతిలో ఉంటాయి, మిగిలిన ఐదూ ఎదుటివారివే. అక్కడి నుంచి చదరంగంలోలా ఏదీ దాగి ఉండదు. కొత్తవారు ఆ క్షణంలో ఆట ఆపి, ఎదుటివారి ఐదు ముక్కలను కాగితంపై రాసి, తర్వాత విప్పి సరిచూసుకోవాలి. మొదట్లో రెండు మూడు సరిపోయినా చాలు.