గుర్రాన్ని ఆపితేనే గడ్డి

ఆవుకు పైదవడలో ముందు పళ్లు ఉండవు కాబట్టి గడ్డిని నాలుకతో చుట్టి లాగుతుంది. గుర్రానికి పైనా కిందా పళ్లున్నాయి. నచ్చిన చోట గడ్డిని నేలబారుగా కొరికేస్తుంది. మళ్లీ చిగురించడానికి గడ్డి దాచుకునే పిండిపదార్థం ఉండేది పరక మొదట్లోనే. అదీ పోతే దుబ్బు తేరుకోదు.

పందెపు గుర్రాల పెంపకానికి పేరుమోసిన అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో లెగ్జింగ్టన్ చుట్టుపక్కల నేల కింద సున్నపురాయి ఉంది. మట్టిలో భాస్వరం దండి. అంత మంచి నేలలోనూ ముందు మట్టి పరీక్ష చేయించాకే కొత్త పచ్చిక వేస్తారు. ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు మధ్యలోగా విత్తితే చలి ముదిరేలోపు వేరు పడుతుంది, వేసవి కలుపు బెడద తగ్గుతుంది. గింజ సన్నం, అరంగుళం లోతు దాటకూడదు. బ్లూగ్రాస్, ఆర్చర్డ్‌గ్రాస్‌లతో పాటు నేలకు నత్రజని అందించే తెల్ల క్లోవర్ అనే చిక్కుడు జాతి మొక్క గింజలు కూడా కాస్త కలుపుతారు.

అసలు చిక్కు పాత గడ్డితో. 1931లో కెంటకీలోని ఒక కొండవాలు పొలంలో కంటబడిన టాల్ ఫెస్క్యూ అనే గడ్డి రకం, 1943లో 'కెంటకీ 31' పేరుతో విడుదలైంది. ఎండకూ తొక్కుడుకూ తట్టుకునే మొండి గడ్డి. ఆ మొండితనంలో చాలా వాటా దాని లోపల కాపురముండే ఒక శిలీంధ్రానిదని 1970లలో గానీ తేలలేదు. పైకి ఏమీ కనిపించదు. ఆ శిలీంధ్రం తయారుచేసే ఆల్కలాయిడ్లనే విషపదార్థాలు చూడి గుర్రంలో పాలు పట్టించే ప్రొలాక్టిన్ హార్మోనును అణిచేస్తాయి. నెలలు నిండినా ఈనదు, మావి మందమవుతుంది, పొదుగులోకి పాలు దిగవు. అందుకే ఈనడానికి రెండు మూడు నెలల ముందే అలాంటి గుర్రాలను ఆ గడ్డికి దూరంగా ఉంచుతారు. శిలీంధ్రం గింజ ద్వారానే వ్యాపిస్తుంది కనుక, ఫెస్క్యూను తొలగించాలనుకునేవారు వెన్ను వేయకముందే కోసి, తర్వాత కలుపుమందు కొట్టి, ఆపైనే కొత్త గింజ చల్లుతారు.

మొలిచిన పచ్చిక మేతకు సిద్ధమైందో లేదో తెలుసుకోవడం తేలిక. గుప్పెడు పరకలు పట్టి గుర్రంలా గుంజాలి. వేళ్లతో సహా ఊడివస్తే ఇంకా ఆగాలి. తర్వాత కూడా గడ్డి జానెడు ఎదిగాక వదిలి, బెత్తెడుకు తగ్గగానే తోలుకుపోవాలి. గుర్రాలకు మరో అలవాటుంది: లద్దె వేసిన చోట మేయవు. అక్కడ గడ్డి ముదురుతుంది, పక్కన నేల బోడిగుండవుతుంది. లద్దెను చెదరగొడితే సరిపోదా? ఎండాకాలమైతే మేలే, అందులోని పురుగుల లార్వాలు మాడిపోతాయి. చల్లని తడి వాతావరణంలో మాత్రం వాటిని పొలమంతా చల్లినట్టే.

వానకు నేల మెత్తబడితే గుర్రాలను ఒక చిన్న దొడ్డిలో కట్టడి చేసి ఎండుగడ్డి వేయాలి. ఆ దొడ్డి బురదగుంట అవుతుంది, చూడ్డానికి బాగోదు. కానీ నా దృష్టిలో ఖరీదైన గింజకన్నా ముందు డబ్బు పెట్టాల్సింది దాని కంచె మీదే.