‘నాటు మందు’ అన్న మాట వచ్చిన ఆ పది రోజులు

సోరియాసిస్‌కి, బొల్లికి ఆకు నూనెలు, పసరు లేపనాలు కొరియర్‌లో పంపేవాళ్ల మీద నెల్లూరు జిల్లాలో మళ్లీ వాదన రేగింది. ఇప్పటి గొడవకు మూలం 2021 మే నెలలో ఉంది.

ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్య ఉచితంగా ఇచ్చిన కరోనా మందు కోసం వచ్చిన జనాన్ని అందరం చూశాం. మే 21న పంపిణీ ఆగింది. తయారీని పరిశీలించిన ఆయుష్ (సంప్రదాయ వైద్యాలను చూసే ప్రభుత్వ శాఖ) అధికారులు, హాని చేసేవేవీ కనిపించలేదన్నారు. కానీ దీన్ని ఆయుర్వేద మందుగా గుర్తించలేమని, నాటు మందు అనుకోవచ్చని చెప్పారు. మే 31న ప్రభుత్వం లోపలికి తీసుకునే మందుకు ఒప్పుకుంది. కంటి చుక్కలకు మాత్రం నివేదికలు వచ్చేదాకా ఆగమంది. పరీక్ష కాకుండా వాడకూడదన్న ఆ రెండో మాట జనానికి గుర్తులేదు. ‘నాటు మందు’ అన్నది మాత్రం ఉండిపోయింది. లైసెన్స్ అడిగితే ఇప్పుడు ఈ నూనెలు, లేపనాలు అమ్మేవాళ్లంతా చెప్పే జవాబు అదే.

చట్టం అలా లేదు. 1940 నాటి ఔషధ చట్టంలోకి 1964లో ఆయుర్వేద మందులను కూడా తెచ్చారు. అమ్మకానికి తయారుచేస్తే లైసెన్స్ ఉండాలి. తన దగ్గరికొచ్చిన రోగి కోసం స్వయంగా మందు నూరుకునే వైద్యుడికి మినహాయింపు ఇచ్చారు. వాట్సాప్‌లో ఫొటో చూసి పార్సిల్ పంపితే ఆ మనిషి ఎవరి రోగి? బొల్లి నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం మందుల ప్రకటనల మీద వచ్చిన 1954 చట్టం ప్రకారం అసలే కుదరదు.

చెట్టు మందుకు సరైన దారి లేకపోలేదు. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు చెట్టు ఆకుల్ని కొబ్బరి నూనెలో వేసి ఎండలో పెడితే, నూనె మెల్లగా నేరేడు పండు రంగుకు తిరుగుతుంది. తమిళనాడులో సిద్ధ వైద్యులు సోరియాసిస్‌కి ఇచ్చే నూనె ఇదే. అక్కడ దాన్ని పరిశోధించారు, లైసెన్స్‌తో అమ్ముతున్నారు. బావంచాలు అనే గింజలు బొల్లికి పనిచేస్తాయి, కానీ మోతాదు మించి రాసుకుని ఎండలో నిలబడితే చర్మం బొబ్బలెక్కుతుంది. పచ్చి ఆకు కదా, ఏమవుతుందిలే అనుకోవడానికి లేదు.

ఆత్మకూరులో ఉండే మా పిన్నమ్మకు మోచేతుల మీద పొలుసులు. ఎవరో చెప్పిన లేపనం రాస్తే పది రోజుల్లో నున్నగా అయింది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. డబ్బా అయిపోయిన రెండు వారాలకు చేతులు, వీపు, నడుము అంతా ఎర్రగా పొంగింది, రాత్రిళ్లు దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయేది. నెల్లూరులో చర్మ డాక్టరు చూసి, ఇందులో స్టెరాయిడ్ కలిపారేమో అన్నారు. అలాంటిది ఉన్నట్టుండి ఆపితే జబ్బు ఇలాగే తిరగబడుతుందట. ఏం వాడారమ్మా అని అడిగితే పిన్నమ్మ డబ్బా తీసి ఇచ్చింది. దాని మీద ఫోన్ నంబరు తప్ప ఇంకేమీ రాసి లేదు.

పేదలకు చవగ్గా అందుతోందని అమ్మేవాళ్లు అంటున్నారు. నిజమే, డాక్టరు ఫీజు, బస్సు చార్జీ పెట్టుకోలేకే చాలామంది వాళ్లకు ఫోన్ చేస్తున్నారు. ఆ డబ్బాలో ఏముందో రాసి ఇమ్మనే ఇప్పుడు అడుగుతున్నది.