బ్యాడ్‌లాండ్స్ తొలి ఆల్బమ్ ఎలా మాయమైంది?

1989లో వచ్చిన రాక్ ఆల్బమ్‌ల గురించి ఎవరిని అడిగినా మోట్లీ క్రూ ‘డాక్టర్ ఫీల్‌గుడ్’ పేరు చెబుతారు. స్కిడ్ రో మొదటి ఆల్బమ్, ఏరోస్మిత్ ‘పంప్’ కూడా చెబుతారు. అదే ఏడాది బ్యాడ్‌లాండ్స్ అనే బ్యాండ్ తన పేరే పెట్టుకుని తెచ్చిన తొలి ఆల్బమ్ మాత్రం చాలామందికి గుర్తుండదు. అది బాగాలేక కాదు. ఆ కాలపు అమెరికన్ హార్డ్ రాక్‌లో మొదటి ఐదు ఆల్బమ్‌లు ఎంచమంటే నేను దాన్ని తప్పకుండా ఎంచుతాను. విన్నవాళ్లు ఎవరూ దాన్ని తీసిపారేయలేదు, వినే దారులే ఒక్కొక్కటిగా మూసుకుపోయాయి. అలా ఎందుకైందో తెలియాలంటే బ్యాండ్ పుట్టకముందు నుంచీ మొదలుపెట్టాలి.

బ్యాడ్‌లాండ్స్‌లో గిటారిస్టు జేక్ ఈ. లీ. తండ్రి అమెరికా నేవీలో పనిచేశాడు, తల్లి జపాన్ దేశస్థురాలు. శాన్ డియాగోలో పెరిగాడు. రాట్ బ్యాండ్ తొలి రోజుల్లో అందులో ఉన్నాడు, తర్వాత రఫ్ కట్‌లో వాయించాడు. 1982 మార్చిలో హెవీ మెటల్ గాయకుడు ఓజీ ఆస్బోర్న్ దగ్గర వాయించే గిటారిస్టు రాండీ రోడ్స్ విమాన ప్రమాదంలో చనిపోయాడు. అభిమానులు దేవుడిలా చూసుకున్న మనిషి అతను. అతని స్థానంలో నిలబడి వాయించడమంటే ఎంత టెన్షనో ఊహించుకోవచ్చు. ఆ ఏడాది చివర్లో ఆ పని లీ చేతికి వచ్చింది.

అతను రోడ్స్‌ను అనుకరించలేదు. అందరూ గిటార్‌కి వామీ బార్ (తీగల బిగువు మార్చి స్వరాన్ని ఊపే చిన్న కడ్డీ) బిగించుకుని తీగలను ఊపేస్తున్న కాలంలో అది లేని గిటారే వాడాడు. స్వరం వంచాలంటే గిటార్ తల దగ్గర, నట్‌కి (తీగలు ఆనుకునే చిన్న పట్టీకి) అవతల ఉన్న తీగను వేలితో నొక్కేవాడు. 1983లో వచ్చిన ‘బార్క్ ఎట్ ద మూన్’ ఆల్బమ్ మొదటి పాటలో వినిపించే రిఫ్ (పదే పదే వచ్చే గిటార్ వరస) అతనిదే. కానీ ఆ ఆల్బమ్ మీద పాటల రచన ఓజీ ఒక్కడి పేరునే అచ్చయ్యింది. పాటలు కట్టడంలో తన వాటా ఉన్నా పేరు వేయలేదని లీ తర్వాత ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పాడు. 1986లో ‘ది అల్టిమేట్ సిన్’ వచ్చేసరికి తన పేరు వేయించుకోగలిగాడు. మరుసటి ఏడాదే అతన్ని బ్యాండ్ నుంచి తీసేశారు.

గాయకుడు రే గిల్లెన్ కథ ఇంకా బాధ పెడుతుంది. న్యూజెర్సీ క్లబ్బుల్లో పాడుకుంటున్న కుర్రాడికి 1986లో బ్రిటిష్ హెవీ మెటల్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ నుంచి పిలుపు వచ్చింది. టూర్ మొదలైన కొద్ది రోజులకే ఆ బ్యాండ్ గాయకుడు గ్లెన్ హ్యూస్ గొంతు పాడవడంతో మిగతా షోలు పాడటానికి ఎవరో ఒకరు కావాలి. గిల్లెన్ వెళ్లి పాడాడు, టూర్ పూర్తయ్యింది. తర్వాత ‘ది ఎటర్నల్ ఐడల్’ అనే కొత్త ఆల్బమ్‌కి కూడా పాటలు రికార్డ్ చేశాడు. కానీ అది బయటికి రాకముందే బ్యాండ్ వదిలేశాడు. టోనీ మార్టిన్ వచ్చి ఆ పాటలన్నీ మళ్లీ పాడాడు. 1987లో విడుదలైన ఆల్బమ్‌లో గిల్లెన్‌ది ఒక్కటే మిగిలింది: ‘నైట్‌మేర్’ పాటలో వినిపించే ఒక నవ్వు.

ఆ ఆల్బమ్‌లోనే డ్రమ్స్ వాయించినవాడు ఎరిక్ సింగర్. 1988లో లీ, గిల్లెన్, సింగర్ ఒకచోట చేరారు. బేస్ గిటార్‌కి గ్రెగ్ చైసన్ వచ్చాడు. అట్లాంటిక్ సంస్థ కింద టైటానియం అనే చిన్న లేబుల్ పెట్టిన పాల్ ఓ'నీల్ ఆల్బమ్‌ను ప్రొడ్యూస్ చేశాడు. తర్వాతి కాలంలో ట్రాన్స్-సైబీరియన్ ఆర్కెస్ట్రా పెట్టి పేరు తెచ్చుకున్నది ఈయనే.

ఇక ఆల్బమ్ గురించి కాస్త తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే ఇదంతా రాస్తున్నది దాని కోసమే.

‘హై వైర్’తో మొదలవుతుంది. గిటార్, డ్రమ్స్, గొంతు మూడూ ఒకే గదిలో పక్కపక్కన నిలబడి ఒకేసారి వాయించినట్టు ఉంటుంది. ఆ రోజుల్లో వచ్చిన చాలా ఆల్బమ్‌లలో డ్రమ్స్ పెద్ద గుహలో మోగినట్టు, గొంతు మీద పొరలు పొరలుగా కోరస్ అద్దినట్టు వినిపించేవి. ఇక్కడ ఆ మెరుగు తక్కువ, ఊపిరి ఎక్కువ. ‘డ్రీమ్స్ ఇన్ ద డార్క్’ రేడియోకి పనికొచ్చిన పాట, దాని వీడియో ఎంటీవీలో తిరిగింది. ‘జేడ్స్ సాంగ్’ మాటలు లేని చిన్న అకూస్టిక్ ముక్క. అది ముగిసీ ముగియకుండానే ‘వింటర్స్ కాల్’ అందుకుంటుంది. ఈ రెంటినీ విడివిడిగా వినకూడదని నా అభిప్రాయం.

‘రంబ్లిన్ ట్రెయిన్’ అచ్చంగా బ్లూస్, అంటే అమెరికా నల్లజాతివాళ్ల పాత పాటల శైలి. ‘సీజన్స్’ నెమ్మదిగా నడిచే పాట, అయినా ఆ కాలంలో ప్రతి ఆల్బమ్‌లో అలవాటుగా పెట్టే ప్రేమ బల్లాడ్‌లా ఉండదు. ‘స్ట్రీట్స్ క్రై ఫ్రీడమ్’ మెల్లగా మొదలై చివరికి పరుగందుకుంటుంది. గిల్లెన్ పై స్థాయికి వెళ్లినప్పుడు అరుపు వినబడదు, గొంతు నిండుగా పలుకుతుంది. ఒక సబ్బాత్ ఆల్బమ్ మొత్తం పాడి, దాన్ని ఎవరికీ వినిపించలేకపోయిన మనిషి ఇక్కడ దొరికిన ప్రతి వాక్యాన్నీ తనదిగా పాడాడు.

అమెరికాలో ఈ ఆల్బమ్ బిల్‌బోర్డ్ 200 అనే ఆల్బమ్‌ల చార్ట్‌లో 57వ స్థానం వరకు వెళ్లింది. కొత్త బ్యాండ్‌కి అది తక్కువేమీ కాదు. మరి అక్కడితో ఎందుకు ఆగింది?

ఇక్కడ హెయిర్ మెటల్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1980లలో లాస్ ఏంజెలెస్ సన్‌సెట్ స్ట్రిప్ క్లబ్బుల్లో పెరిగిన బ్యాండ్‌లు జుట్టు గుబురుగా పెంచి, స్ప్రే కొట్టి, మేకప్ వేసుకుని స్టేజ్ ఎక్కేవి. వినగానే పట్టుకునే కోరస్‌లు, ఎంటీవీకి నచ్చే వీడియోలు వాటి బలం. ఆ పేరు తర్వాతి కాలంలో ఎగతాళిగా అంటగట్టింది. లీ ఆ క్లబ్బుల నుంచే వచ్చాడు, ఓజీ దగ్గర ఆ వేషం కూడా వేశాడు. పొడుగు జుట్టు, తోలు బట్టలు, 1989 అనే ఏడాది, అన్నీ కలిసి బ్యాడ్‌లాండ్స్‌ని ఆ గంపలోనే వేశాయి. కానీ వాళ్లు వాయించింది లెడ్ జెప్పెలిన్, ఫ్రీ లాంటి బ్రిటిష్ బ్యాండ్‌లు 1970 ప్రాంతంలో వేసిన బ్లూస్ దారి. పార్టీ పాటల కోసం వచ్చినవాళ్లకు ఇది బరువనిపించింది. బ్లూస్ రాక్ ఇష్టపడేవాళ్లు కవర్ మీది ఫొటో చూసి పక్కన పెట్టేశారు. 1990లో బ్లాక్ క్రోస్ అనే బ్యాండ్ ఇంచుమించు అదే పాత దారిలో వచ్చి లక్షల కాపీలు అమ్ముకుంది. సంగీతానికి గిరాకీ లేదనడం కుదరదని దీన్నిబట్టే తెలుస్తుంది.

రెండో దెబ్బ లోపలి నుంచి వచ్చింది. సింగర్ ఎక్కువ కాలం ఉండలేదు. అతను ఆలిస్ కూపర్ దగ్గరికి, ఆపై కిస్ బ్యాండ్‌కి వెళ్లాడు. రేసర్ ఎక్స్‌లో పాడిన జెఫ్ మార్టిన్ డ్రమ్స్ మీద కూర్చున్నాడు. 1991లో ‘వూడూ హైవే’ అనే రెండో ఆల్బమ్ వచ్చింది. ఆ సెప్టెంబర్‌లోనే నిర్వానా ‘నెవర్‌మైండ్’ వచ్చి రికార్డ్ కంపెనీల చూపు మొత్తం ఆ బ్యాండ్ వాయించే గ్రంజ్ సంగీతం పుట్టిన సియాటిల్ నగరం వైపు తిప్పేసింది. ఈలోగా లీకి, గిల్లెన్‌కి మధ్య మాటలు పెరిగాయి. మూడో ఆల్బమ్ కోసం చేసుకున్న డెమోలు (నమూనా రికార్డింగులు) పక్కన పడిపోయాయి, గిల్లెన్ బయటికి వచ్చేశాడు, బ్యాండ్ చెదిరిపోయింది. ఆ డెమోలు ‘డస్క్’ పేరుతో వెలుగు చూసింది 1990ల చివర్లో.

దాన్ని చూడటానికి గిల్లెన్ లేడు. 1993 డిసెంబర్ 1న ఎయిడ్స్ సంబంధిత అనారోగ్యంతో చనిపోయాడు. అది ప్రపంచ ఎయిడ్స్ దినం కావడం కాకతాళీయం. వైరస్‌ను అదుపులో పెట్టే కలయిక మందులు వాడకంలోకి వచ్చింది 1996 ప్రాంతంలో. ఇంకో రెండు మూడేళ్లు నెట్టుకొచ్చి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తర్వాత ఆల్బమ్ కొత్త కాపీలు షాపుల్లోంచి మెల్లగా తగ్గిపోయాయి. ఏళ్ల తరబడి పాత సీడీలు అమ్మేవాళ్ల దగ్గర ఎక్కువ ధర పెట్టి కొనుక్కోవాల్సి వచ్చింది. అభిమానులు దీనికి లీనో, బ్యాండ్‌నో తప్పుపట్టడం చూశాను. అది న్యాయం కాదు. పాట రాసినవాళ్ల హక్కు ఒకటి, ఆ పాటను రికార్డ్ చేసిన మాస్టర్ (అసలు రికార్డింగ్) మీద హక్కు ఇంకొకటి. మామూలుగా రికార్డ్ ఒప్పందాల్లో మాస్టర్ హక్కు కంపెనీకి వెళ్లిపోతుంది. మళ్లీ అచ్చు వేయాలా, స్ట్రీమింగ్‌లో పెట్టాలా అన్నది కంపెనీ ఇష్టం. పెద్ద కేటలాగ్ ఉన్న సంస్థకు ఒక పాత ఆల్బమ్ అల్మరాలో ఉండిపోతే వచ్చే నష్టం కనబడదు. వాయించినవాళ్లకు మాత్రం అది జీవితంలో చేసిన మంచి పనుల్లో ఒకటి.

అమెరికా 1976 కాపీరైట్ చట్టంలో దీనికి ఒక చిన్న తలుపు ఉంది. 1978 నుంచి చేసిన హక్కుల బదిలీని సుమారు 35 ఏళ్ల తర్వాత రద్దు చేసుకుని సృష్టికర్తలు హక్కు వెనక్కి తీసుకోవచ్చు. కనీసం రెండేళ్ల ముందు నోటీసు ఇవ్వాలి. కలిసి చేసిన పనైతే సంతకం చేసినవాళ్లలో ఎక్కువమంది ఒప్పుకోవాలి, చనిపోయినవాళ్ల తరఫున చట్టం చెప్పిన వారసులు నిర్ణయం తీసుకుంటారు. అది కూడా అమెరికా వరకే చెల్లుతుంది. పైగా రికార్డింగులు కిరాయికి చేయించుకున్న పని అనీ (అంటే మొదటి నుంచీ హక్కు కంపెనీదే అనీ), వాటికి ఈ నియమం వర్తించదనీ కంపెనీలు ఏళ్లుగా కోర్టుల్లో వాదిస్తున్నాయి. నలుగురు కలిసి చేసి, ఒకరు లేకుండా పోయి, ఇద్దరు మాటలు తెగి విడిపోయిన బ్యాండ్‌కి ఈ దారి ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

2010లో ‘ది ఎటర్నల్ ఐడల్’ డీలక్స్ ఎడిషన్ వచ్చింది. అందులో రెండో డిస్క్‌గా గిల్లెన్ 1986లో పాడిన పాటలు చేర్చారు. తను వదిలేసి వచ్చిన ఆల్బమ్‌లో అతని గొంతు 24 ఏళ్లకు షాపులకెక్కింది. తను పేరు వేసుకుని పాడిన ఆల్బమ్ కోసం అదే సమయంలో జనం పాత సీడీల డబ్బాల్లో వెతుకుతున్నారు.