దాచి చెప్పే కథ: సీమలో దాని పూర్వాపరాలు

అద్భుత కథలను, అపరాధ పరిశోధన నవలలను, సాహసగాథలను పాఠకులు ఎందుకంత ఇష్టంగా చదువుతారన్నది తెలుగు విమర్శలో తరచు ప్రశ్నగా కాక ఫిర్యాదుగానే వినిపిస్తుంది. పిల్లల కాలక్షేపమనీ, రైలు ప్రయాణపు చదువనీ, బతుకు బాధల నుంచి పక్కకు తప్పుకోవడానికి దొరికిన సందు అనీ ఆ రచనలకు పేర్లు పెట్టారు. రాయలసీమ విషయానికి వస్తే ఈ ఫిర్యాదుకు మరికాస్త పదును చేరుతుంది. సీమ కథ అంటే కరువు కథ, వలస కథ, కక్షల కథ అని స్థిరపడిపోయింది. కడప జిల్లా కేతు విశ్వనాథరెడ్డి, అనంతపురం జిల్లా సింగమనేని నారాయణ వంటి రచయితలు ఈ నేల కష్టాన్ని ఉన్నదున్నట్టు రాసి నిలబెట్టిన ఆ సంప్రదాయం బలమైనది, ఎంతైనా గౌరవించదగినది. అయితే తెలుగువారికి తెలిసిన మాంత్రికులలో, మాయాగుహలలో, ముందేం జరుగుతుందో తెలియని ప్రయాణాలలో చాలా భాగం ఇదే నేలకు చెందినవారి పూనికతో పుట్టిందన్న సంగతి అంతగా ప్రస్తావనకు రాదు. ఈ రెండు ధారలకు మధ్య ఉందనుకుంటున్న వైరం ఎంతవరకు నిజమో తేలాలంటే నాలుగున్నర శతాబ్దాలు వెనక్కి వెళ్ళవలసి ఉంటుంది.

16వ శతాబ్ది నడిమి కాలంలో నంద్యాలను ఏలిన కృష్ణమరాజుకు పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని అంకితమిచ్చాడు. నంద్యాల 2022లో విడి జిల్లా అయ్యేదాకా కర్నూలు జిల్లాలో భాగమే. పురాణాల్లో, ఇతిహాసాల్లో ఉన్న కథను తెలుగు చేయడమే కావ్యధర్మమని చెల్లుతున్న రోజుల్లో సూరన సొంతంగా ఒక కథను కల్పించాడు. కల్పించడం ఒక ఎత్తు, దానిని చెప్పిన తీరు మరొక ఎత్తు. ద్వారకలో ఉయ్యాల ఊగుతున్న కలభాషిణి అనే వేశ్యాకన్య ఆకాశంలో విమానం మీద పోతున్న రంభానలకూబరుల సంభాషణ వినడంతో మొదలయ్యే కథలో ఒకరి రూపంలో మరొకరు తిరుగుతారు, సింహాన్ని వాహనంగా చేసుకున్న సిద్ధుడొకడు వస్తాడు, తలలు తెగుతాయి, మనుషులు మాయమవుతారు. ఎనిమిది ఆశ్వాసాల ఈ కావ్యంలో మొదటి సగం చదివినవాడికి చేతిలో మిగిలేవి చిక్కుముడులే. వాటిని విప్పే పని సూరన ఎవరికి అప్పగించాడంటే, పూర్వజన్మ గుర్తుకొచ్చి పెద్దలా మాట్లాడడం మొదలుపెట్టిన మధురలాలస అనే పసికందుకు. పైగా ఈ కథ లోకంలో ఎవరూ చెప్పుకోరాదన్న నిషేధం ఆ కథలోనే ఉంటుంది. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ చేసిన ఆంగ్లానువాదం పేరులో సైతం ‘ఎన్నడూ చెప్పకూడని కథ’ అన్న మాట చేరింది.

కట్టమంచి రామలింగారెడ్డి 1914లో అచ్చయిన కవిత్వతత్త్వ విచారములో సూరన కథాకల్పనను ప్రత్యేకించి మెచ్చుకున్నారు. ఆ మెప్పుకు అసలు కారణం వర్ణనలు కావు, సంఘటనల అల్లిక. ఈ వ్యాసకర్త దృష్టిలో మాత్రం సూరన పాఠకుడి నుంచి కోరినది ఒక ప్రత్యేకమైన ఓపిక. అర్థం కానిదానిని అర్థం కానట్టుగానే మనసులో మోసుకుంటూ ముందుకు నడవగల ఓపిక అది. ఇప్పటి అపరాధ పరిశోధన నవల చదివేవాడికి ఉండేది కూడా సరిగ్గా అదే. నిజాన్ని రచయిత దాచాడని తెలుసు, చివరకు చెప్పి తీరుతాడనీ తెలుసు. ఆ రెంటి మధ్య ఉన్న ఎడమే అతడిని పట్టి కూర్చోబెడుతుంది.

చదువు రానివారికి ఈ ఎడం అపరిచితమేమీ కాదు. మాయలమరాఠీ ప్రాణం ఎక్కడో దూరాన చిలుకలో ఉందని బాలనాగమ్మ కథ వినేవారికి ముందే తెలిసినా, పసివాడైన బాలవర్ధిరాజు అక్కడికి చేరేదాకా బుర్రకథ దగ్గర నుంచి లేచేవారు కారు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలాట కళాకారులకు పేరుపొందిన ఊరు. తోలుబొమ్మలాటల్లో ఆడే రామాయణ కథల్లో మైరావణుడి ఘట్టానిది వేరే రక్తి. రామలక్ష్మణులు పాతాళానికి ఎత్తుకుపోబడతారు, హనుమంతుడు వెతుక్కుంటూ దిగుతాడు, శత్రువు ప్రాణాలు తుమ్మెదల్లో ఉన్నాయని తెలుసుకుంటాడు. వాల్మీకంలో లేని ఈ కథకు తెర ముందు కూర్చున్న జనం ఇచ్చిన చోటు చూస్తే, వారికి కావలసినది దైవభక్తి ఒక్కటే కాదని తెలుస్తుంది.

ఇక ఊళ్ళ చరిత్ర దగ్గరికి వస్తే అద్భుతానికీ వాస్తవానికీ మధ్య గీత మరింత చెరిగిపోతుంది. 1800లో నిజాము ఈ జిల్లాలను ఆంగ్లేయులకు అప్పగించాక, సర్వే అధికారి కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర నుంచి కైఫీయత్తులు, అంటే ఊళ్ళ వృత్తాంతాలు, రాయించారు. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఆ జిల్లా కైఫీయత్తులను సంపుటాలుగా ప్రచురించింది. వాటిలో మాన్యాల లెక్కలు, చెరువుల వివరాలు ఉన్న పుటల్లోనే ఊరు ఎలా వెలసిందో చెప్పే వింతలు కూడా, ఏ సంకోచమూ లేకుండా, అదే వరుసలో ఉంటాయి. రాయించినవారు దానిని చరిత్రగా తీసుకున్నారా, కట్టుకథగా తీసుకున్నారా అన్నది వేరే మాట. చెప్పిన కరణానికి మాత్రం అవి రెండూ ఊరి ఆస్తి కిందే లెక్క.

నిజాము అలా అప్పగించిన ఈ దత్తమండలాలకు మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో సైతం ఈ లెక్కలోకి చేరిపోయాడు. కడప జిల్లా గండి క్షేత్రంలో, పాపఘ్ని నది రెండు కొండలను చీల్చుకుని పారే చోట, రాముడి రాక కోసం వాయుదేవుడు కట్టిన బంగారు తోరణం ఇప్పటికీ ఉన్నదనీ, అది మహనీయులకు, అదీ మరణం దగ్గరపడినప్పుడే కనిపిస్తుందనీ ఒక నమ్మకం. మద్రాసు గవర్నరుగా పర్యటిస్తూ ఆ దారిన వెళ్ళిన మన్రో తలెత్తి చూసి ఆ తోరణం ఎవరు కట్టారని అడిగాడట. 1827 జులై 6న కర్నూలు జిల్లా పత్తికొండలో ఆయన కలరాతో చనిపోయాడన్నది చరిత్ర. చరిత్రకు తెలిసినది తేదీ, జబ్బు పేరు మాత్రమే. కథకు ముందుగానే ఒక సూచన కావలసి వచ్చింది, దానిని అది కొండల నడుమ కట్టుకుంది. మంచి రహస్య కథ అల్లే రచయిత చేసేది కూడా ఇంతకంటే వేరేమీ కాదు.

ఈ నేల స్వరూపం కూడా కథకు సాయం చేసిందని అంగీకరించాలి. తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు చుట్టుపక్కల చేలల్లో తొలకరి పడగానే జనం తలలు వంచుకుని వజ్రాల కోసం వెతుకుతూ కనిపిస్తారు. ఇది కట్టుకథ కాదు, ఏటా జరిగేదే, అప్పుడప్పుడు రాయి దొరుకుతుంది కూడా. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను 19వ శతాబ్దిలోనే న్యూబోల్డ్, ఆయన తరవాత రాబర్ట్ బ్రూస్ ఫుట్ పరిశీలించారు. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా భూమి లోపల సాగుతాయి, వాటిలో అన్నిటికంటే లోతైన చోటుకు పాతాళగంగ అని పేరు. గండికోటలో పెన్న కోసిన లోయ అంచున కోట నిలిచి ఉంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే అనంతపురంలో రైతు నీటి కోసం వందల అడుగుల బోరు వేసి, దుమ్ము తప్ప ఏమీ రాక, మళ్ళీ వేస్తాడు. నేల కింద ఏదో ఉందన్న నమ్మకం ఇక్కడ ఊహ కాదు, వ్యవసాయం. అలాంటి పాఠకుడికి పాతాళంలో దాగిన నిధి కథ బతుకుకు దూరమైనదని చెప్పడం కష్టం. ఈ నమ్మకానికి చెడ్డ ముఖం కూడా ఉంది. గుప్తనిధుల పేరుతో పాత గుడులను, శాసనాల బండలను తవ్వి పాడుచేసిన సంఘటనలు ఈ జిల్లాల్లో తక్కువేమీ కాదు.

20వ శతాబ్దిలో ఈ ఆసక్తిని అచ్చులోకి, తెర మీదికి తెచ్చినవారిలో ఇద్దరు ఇక్కడివారే, ఇద్దరూ 1912లో పుట్టినవారే. కదిరి వెంకటరెడ్డి తాడిపత్రిలో, బి. నాగిరెడ్డి కడప జిల్లా పొట్టిపాడులో పుట్టారు. 1951లో నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించి కె.వి. రెడ్డి దర్శకత్వం వహించిన పాతాళభైరవికి బీజం మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల్లో ఉంది. గోదావరి తీరంలో రాసిన పుస్తకం, సీమవారి చేతుల మీదుగా మద్రాసులో సినిమా అయింది. ఆ సినిమా నాయకుడు రాజకుమారుడు కాదు, తోటవాడి కొడుకు. గుహలోకి దిగేది, విగ్రహం ముందు నిలబడేది, కోరినదిచ్చే శక్తిని చేజిక్కించుకునేది అతడే. అప్పటికి జమీందారీల రద్దు చట్టాలు వచ్చి ఎన్నో ఏళ్ళు కాలేదు. నేల టికెట్టు కొన్నవాడు ఆ తోటవాడి కొడుకులో ఏమి చూసుకున్నాడో ఊహించడానికి విమర్శకుడు అక్కరలేదు.

అదే ఇద్దరు భాగస్వాములు, నాగిరెడ్డి, చక్రపాణి, 1947 జులైలో చందమామను ప్రారంభించారు. అందులో వచ్చిన ధారావాహికల గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి కంచుకోట, రాకాసిలోయ, శిథిలాలయం వంటివి వరసగా రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు ఆ పుటల్లో కనిపించేది కాదు. చదివేవారికి శిఖిముఖి, విక్రమకేసరి తెలుసు, చిత్రా వేసిన బొమ్మలు తెలుసు, రాసినదెవరో తెలియదు. కథలోని రహస్యాలన్నీ విడిపోయిన చాలా ఏళ్ళకు గాని ఈ ఒక్క రహస్యం మామూలు పాఠకులకు విడలేదు. ప్రతి నెలా భాగం ఒక గండంలో ఆగిపోయేది, తరవాతి సంచిక ఊరికి వచ్చేదాకా పిల్లలు తమ కథను తామే అల్లుకునేవారు. అసలు ఆకర్షణ ఆ నెల రోజుల ఖాళీలోనే ఉందని నా అభిప్రాయం. ఇప్పుడు ఆ ధారావాహికలను పుస్తకంగా ఒక్క బిగిని చదివితే అంత రుచించకపోవడానికి కారణం కూడా అదే కావచ్చు.

విమర్శకులు గమనించవలసిన విషయం ఇంకొకటి ఉంది. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామ సంపాదకత్వం నిర్వహించిన కొడవటిగంటి కుటుంబరావు వాస్తవిక నవలకు, హేతువాదానికి పేరు మోసినవారు. చదువు నవల రాసిన చేతి మీదుగానే బేతాళుడు నెలనెలా చెట్టెక్కాడు. వాస్తవికతకూ అద్భుతానికీ పడదన్న సూత్రం ఆయన బల్ల దగ్గర చెల్లలేదు.

పుస్తకం పాఠకుడి చేతికి చేరే దారి గురించి చెప్పుకుంటే, గ్రంథాలయోద్యమాన్ని ముందుండి నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1883లో కర్నూలులో పుట్టారు. 1948 నాటి మద్రాసు చట్టంతో జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడ్డాయి. ఉద్యమం కోరుకున్నది విజ్ఞానం, లోకజ్ఞానం. జనం వాటితో పాటు డిటెక్టివ్ నవలలు కూడా అడిగారు. గ్రంథాలయంలో దొరకనివి అద్దె పుస్తకాల షాపులో దొరికేవి. గుంతకల్లు వంటి పెద్ద జంక్షన్లో బండి మారేవారికి ప్లాట్‌ఫారం మీది స్టాలే గ్రంథాలయం.

1950ల చివర నుంచి కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు, తరవాతి దశాబ్దాల్లో మధుబాబు సృష్టించిన గూఢచారి షాడో ఈ జిల్లాల్లోనూ ఇంటింటి మనుషులయ్యారు. ఆ కథలు జరిగేది మద్రాసులోనో, విదేశాల్లోనో. మరి సీమ పాఠకుడిని అవి ఎందుకు పట్టుకున్నాయి? ఒక కారణం తోస్తుంది. కక్షలున్న ఊళ్ళలో హత్య ఎవరు చేశారో, ఎవరు చేయించారో రచ్చబండ మీద కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. కోర్టులో మాత్రం సాక్షులు ఎదురు తిరుగుతారు, రుజువు కాదు. నవలలో వ్యవహారం తలకిందులు. అక్కడ ఎవరు చంపారో ఎవరికీ తెలియదు, కాని చివరి పుటకు రుజువై తీరుతుంది. సిగరెట్టు పీక, బురదలో చెప్పు అడుగు, గోడ గడియారం ఆగిన సమయం సాక్ష్యం చెబుతాయి. అవి ఎవరికీ భయపడవు, మాట మార్చవు. కాలక్షేపం అని కొట్టిపారేసిన ఆ నవలల్లో సీమ పాఠకుడికి దొరికినది, తాను చూస్తున్న లోకంలో దొరకని ఒక క్రమం.

1980ల తొలినాళ్ళలో యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళంతో క్షుద్రశక్తుల నవలకు గిరాకీ పెరిగింది. రంగనాయకమ్మ తులసిదళం కాదు గంజాయి దమ్ము అన్న పేరుతోనే దానిని ఖండించారు. చేతబడి అనుమానంతో మనుషులను కొట్టి చంపే సమాజంలో ఆ విమర్శను తేలికగా తీసుకోలేము. యుగంధర్ నవలలో వింతకు చివరకు ఒక హేతువు దొరుకుతుంది, క్షుద్ర నవలలో హేతువే వింతకు లొంగుతుంది. రెంటినీ ఒకే గంపలో వేసి చూడడం వల్ల మొదటిదానికి అన్యాయం జరిగింది.

1990ల నుంచి టీవీ ధారావాహికలు వచ్చి, నవలను అద్దెకు తెచ్చుకునే అలవాటు సన్నగిల్లింది. చందమామ 2010ల తొలి భాగంలో ఆగిపోయింది. అయినా దాని పాత సంచికలను దాచుకున్నవారు, స్కాన్ చేసి పంచుకునేవారు ఉన్నారు. పాత డిటెక్టివ్ నవలలు మళ్ళీ అచ్చవుతున్నాయి.

అద్దె షాపుల కాలం నాటి ఒక సంగతి మాత్రం కొత్తగా అచ్చయిన ప్రతులతో తిరిగి రాదు. చేతులు మారి మారి అరిగిపోయిన ఆ పుస్తకాలలో ఎప్పుడూ మొదట ఊడిపోయేది చివరి పుటలే. అనంతపురంలో చదువుకునే రోజుల్లో అలా చివరి పది పుటలు లేని నవల ఒకటి నా చేతికి వచ్చింది. అంతకుముందు దానిని చదివిన ముగ్గురిని హంతకుడెవరని అడిగితే ముగ్గురూ మూడు పేర్లు చెప్పారు, చెప్పడమే కాక పుస్తకంలోని ఆధారాలు చూపించి మరీ వాదించారు. వారికి అందిన ప్రతిలోనూ ఆ పుటలు లేవన్న సంగతి చాలా రోజుల తరవాత గాని బయటపడలేదు.